గొంతు డబ్బా

నవ్వు. ఇంకా నవ్వు. శబ్దం రాకపోతే మాత్రం, భుజాలు కదులుతుంటే నాకు తెలియదనుకున్నావా? ఆ లైబ్రరీ మెట్లు దిగినప్పటి నుంచి చూస్తున్నా. బస్సులోనూ అదే, ఇంటికొచ్చి ఈ ఉతికిన బట్టలు మడతపెడుతూనూ అదే. నలుగురిలో మొగుడి పరువు పోతే పెళ్ళానికి ఇంత సంబరంగా ఉంటుందన్నమాట!

ముందు ఆ డబ్బా ఆపెయ్. ఆపెయ్యమంటుంటే! ఏదైనా చెప్పాలంటే పలక మీద రాయి, చదువుకుంటా. దాని మీద మాత్రం టైపు కొట్టకు. నువ్వు మీట నొక్కడం, అందులోంచి నా గొంతు రావడం... ఛీ ఛీ! ఒళ్ళంతా ఎలాగో అయిపోతోంది నాకు.

అసలు నా మాట ఎప్పుడన్నా విన్నావా నువ్వు? ఆపరేషన్ చేసి నీ స్వరపేటిక తీసేసిన నెలలోనే చెప్పాను కదే. మాట్లాడే మిషను షాపులో దొరుకుతుంది, కొనేద్దాం, మనం టైపు కొడితే అది చదివి వినిపిస్తుంది, గ్యారంటీ ఉంటుంది, పాడైతే తీసుకెళ్ళి వాడి మొహాన కొట్టొచ్చు అని. విన్నావా? షాపువాడు ఒక్కసారి వినిపించాడో లేదో మొహం అటు తిప్పేశావు. అందులో ఆవిడెవరో రైలు ఆలస్యంగా వస్తోందని చెబుతున్నట్టు మాట్లాడుతోందట! నాకిది వద్దు, నా గొంతే కావాలి అని పలక మీద రాసి, కింద గీత కూడా కొట్టావు.

పోయిన గొంతు ఎక్కణ్నుంచి తెస్తారే అని నేనంటే, మీ తమ్ముడు ఉన్నాడుగా, ఎప్పుడు పిలుస్తారా అని కాచుకుని! "అక్కా, మా వాళ్ళు చేసేస్తారు. నీ పాత రికార్డింగులు ఇస్తే చాలు. వాటిని విని మిషను నీ గొంతు నేర్చుకుంటుంది. తర్వాత నువ్వేం టైపు కొట్టినా అచ్చం నీలాగే మాట్లాడుతుంది."

మా వాళ్ళట. ఆహా, ఏం వాళ్ళు!

ఆదివారం మధ్యాహ్నం బుద్ధున్నవాడెవడైనా ఏం చేస్తాడు? తిని పడుకుంటాడు. వీళ్ళు లైబ్రరీ మేడ మీద హాల్లో చేరతారు. కంప్యూటర్ల మూతలు ఊడదీసి, లోపలి వైర్లన్నీ బయటికి లాగి, వాటి చుట్టూ కూర్చుని ముచ్చట్లు. మూత ఉన్న వస్తువు కనబడితే చాలు, చేతులు దురద పుడతాయి వాళ్ళకి. మొదటి రోజే నా చేతి గడియారం వంక ఒకడు ఎలా చూశాడో నీకు గుర్తుందా? వెంటనే చెయ్యి జేబులో పెట్టుకున్నా.

పోనీ పనీపాటా లేనివాళ్ళా అంటే కాదు, అందరికీ ఉద్యోగాలున్నాయి. వారమంతా జీతానికి కంప్యూటర్ ముందు కూర్చుంటారు. ఆదివారం జీతం లేకుండా మళ్ళీ అదే కంప్యూటర్ ముందు కూర్చుంటారు. దీన్నేమనాలి చెప్పు? ఇళ్ళల్లో ఎలా ఊరుకుంటున్నారో ఏమో!

ఆ గడ్డపాయన ఉన్నాడే, పెద్దమనిషి. "ఇక్కడ పెద్దంటూ ఎవరూ లేరండీ, అందరం సమానమే" అన్నాడు. అంటూనే అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడాడు. మాట్లాడ్డం మొదలుపెడితే ఆపడే మనిషి! ఎదుటివాడికి ఊపిరి పీల్చుకునే సందు కూడా...

ఏంటి, నా వైపు అలా చూస్తావేం?

సరే, ఏమన్నాడాయన? "మా దగ్గర మూసిపెట్టేది ఏదీ ఉండదండీ. మేం రాసిన ప్రోగ్రాం అయినా, చేసిన డబ్బా అయినా, లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పట్టుకెళ్ళొచ్చు." అందరూ పట్టుకెళ్ళిపోతే మరి మీకేం మిగులుతుందయ్యా అన్నాను. "అదేనండీ మాకు మిగిలేది" అన్నాడు. అర్థమైందా నీకు? నాకు కాలేదు. అర్థమైనట్టు తలూపింది మాత్రం నువ్వే.

పెళ్ళికి ముందు నుంచీ కూరగాయల మార్కెట్లో వేలం వేస్తున్నవాణ్ణి నేను. ఎదురుగా లారీ నిండా టమాటాలు, చుట్టూ అరుచుకునే వ్యాపారులు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, అంతే! సరుకు కదిలిపోవాలి. ఆలోచిస్తూ కూర్చుంటే కుళ్ళిపోతుంది. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి వీళ్ళ మధ్య కూర్చోబెట్టావు. డబ్బాకి పేరేం పెట్టాలని ఒక ఆదివారమంతా కొట్టుకున్నారా లేదా? చేతులెత్తమన్నారు. ఎత్తారు. సరిగ్గా సగం ఇటు, సగం అటు. పోనీ నేనూ ఒక చెయ్యి ఎత్తి ఈ గోల వదిలిద్దాం కదా అని ఎత్తితే, "మీరు ఎత్తకూడదండీ, మీరింకా ఏ పనీ చెయ్యలేదు కదా" అంది ఆ స్టిక్కర్ల పిల్ల!

ఆ పిల్లొకత్తి. కంప్యూటర్ మూత మీద ఖాళీ లేకుండా బొమ్మలు అంటించుకుంది. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఇంజనీరట. నీ గొంతు పని నెత్తినేసుకుంది కదా అని నేను కాస్త మర్యాద ఇస్తే, నాకే రూల్సు చెబుతుంది.

పేరయ్యాక మీట. మీట ఎర్రగా ఉండాలా పచ్చగా ఉండాలా? అదయ్యాక మూత. మూతకి స్క్రూలు పెట్టాలా, క్లిప్పులు పెట్టాలా? మీ తమ్ముడు స్క్రూల పార్టీ. ఆ రోజు స్క్రూల పార్టీ వాళ్ళు క్లిప్పుల పార్టీ వాళ్ళతో కలిసి టీ కూడా తాగలేదు. చివరికి క్లిప్పులు గెలిచాయి. గెలిస్తే ఆ జుట్టుముడి వేసుకునే వాడేం చేశాడు? అలిగాడు. అదే డబ్బా, అదే ప్రోగ్రాం, మొత్తం కాపీ తీసేసుకుని హాల్లో ఆ చివర వేరుకాపురం పెట్టాడు. తనది స్క్రూల డబ్బా అట! ఇదేం దారుణమయ్యా, పని మధ్యలో విడిపోతారా అని నేను గుండె బాదుకుంటుంటే, "మంచిదేనండీ, అది అతని హక్కు" అని నవ్వాడు గడ్డపాయన. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. మాట్లాడలేక మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే వీళ్ళకి స్క్రూలూ, హక్కులూ!

ఇక రికార్డింగుల సంగతి. ఉన్నవన్నీ ఇచ్చానా లేదా? మన పెళ్ళి వీడియో ఇచ్చాను. మేనకోడలి పుట్టినరోజు ఇచ్చాను. సముద్రం దగ్గరికి వెళ్ళినప్పుడు తీసినవి, పాత ఫోన్లో ఉన్నవి, బీరువా అడుగున ఉన్న సీడీలు, ఏదీ దాచలేదు... అంటే, దాదాపుగా. వాళ్ళేం చేశారు? తలా కొన్ని పంచుకుని, చెవులకి తగిలించుకుని, నీ మాట వచ్చినచోటల్లా కత్తిరించి తీస్తామని కూర్చున్నారు. మన ఇంటి మాటలు, మన పెళ్ళి మాటలు, ముక్కూ మొహం తెలియని ఇంతమంది వింటున్నారు. నేను ఆ మూల కుర్చీలో. వింటున్నవాడు విన్నట్టుండడు, ఒక్కొక్కడే తలెత్తి నా మొహం చూసి మళ్ళీ దించుకుంటాడు. ఏముందయ్యా నా మొహంలో?

చివరికి ఆ స్టిక్కర్ల పిల్ల లేచి వచ్చింది. "ఆంటీ ఒక మాట మొదలుపెడతారండీ. వెంటనే మీరు వచ్చేస్తున్నారు" అంది.

వచ్చేస్తున్నానంటే? నేనేమన్నా గోడ దూకి వస్తున్నానా? నా ఇంట్లో నేను మాట్లాడకూడదా?

వినిపించింది కూడా. సముద్రం దగ్గరది. నువ్వు "అదిగో, ఆ పడవ చూడండి" అంటావు. పూర్తిగా అననేలేదు, "పడవ సంగతి నాకు చెప్తావా" అని నేను మొదలు. ఇక పడవల గురించే, అలలు కూడా వినబడవు. తర్వాత పుట్టినరోజుది. మేనకోడలు నిన్నడుగుతుంది, అత్తా నీకే రంగిష్టం అని. "మీ అత్తకి నీలం" అని నేను చెబుతాను. చెబితే తప్పేంటి? తెలిసిందే కదా చెప్పాను, నీలమే కదా నీకు...

కాదా? తల అలా అడ్డంగా ఊపుతావేం? మరి ఇన్నేళ్ళూ నీలం చీరలు కొంటుంటే... ఏదీ, ఆ పలక ఇటు తిప్పు. ఆకుపచ్చా? ఆకుపచ్చ అని ఎప్పుడు చెప్పావే నువ్వు? సర్లే, సర్లే, ఇప్పుడది కాదు విషయం.

విషయమేంటంటే, ఇంత సరంజామాలో నీ గొంతు ఒక్కటే ఉన్నచోట్లన్నీ కలిపితే ఏం దొరికిందో తెలుసా? "ఆఁ." "ఊఁ." "అలాగే." "వస్తున్నా." కాస్త దగ్గు. వాటితో గొంతు తయారవ్వదట. అవ్వదని ఆ పిల్ల ఎంత నెమ్మదిగా చెప్పిందో! రోగికి చెప్పినట్టు. చెప్పాల్సింది నీకు కదా, నాకు చెప్పింది.

అప్పుడన్నా వదిలేశారా? మీ తమ్ముడు ఉండగా వదులుతారా! మన చెవికి అందని ముక్కల్ని కూడా మిషనైతే ఏరుతుందని, ఎవడో ఎక్కడో రాసి పడేసిన ప్రోగ్రాం ఒకటి తెచ్చి తగిలించాడు. అదీ వాళ్ళ పద్ధతే. ఊళ్ళో వాళ్ళ సరుకంతా తమదే. ఆ ప్రోగ్రాం తెలివి ఎలాంటిదో విను. రికార్డింగులన్నీ నీ పేరు మీద ఇచ్చాం కదా? వాటిల్లో అందరికన్నా ఎక్కువసేపు ఎవరి గొంతు వినబడితే, ఆ మనిషివే నువ్వు. అంతే లెక్క. తన రికార్డింగుల్లో తనే కదా ఎక్కువ మాట్లాడుతుంది, అని రాసినవాడి నమ్మకం. వాడికి పెళ్ళి కాలేదనుకుంటా.

పోనీ వీళ్ళకి చూసుకునే పద్ధతి లేదా అంటే ఉంది, గొప్ప పద్ధతి! ఒకడు రాసిన ప్రోగ్రాం అందరూ చదివి సరే అంటేగానీ డబ్బాలోకి రానివ్వరు. అందరూ చదివారు. ఇక్కడ ఖాళీ ఎక్కువుందని ఒకడు, ఈ పేరు బాగాలేదని ఒకడు, ఈ రెండు లైన్లూ ఒకటి చెయ్యొచ్చని గడ్డపాయన. మీ తమ్ముడు తిట్లు తింటూ దిద్దాడు, మళ్ళీ చదివారు, అందరూ సరే అన్నారు. అంతమంది చదివారు కదా, ఒక్కడంటే ఒక్కడు మీట నొక్కి విన్నాడా? వాడు విని ఉంటాడులే అని వీడు, వీడు విని ఉంటాడులే అని వాడు. టమాటా పెట్టె మీద అంటించిన చీటీ అందరూ చదివి, మూత తీసి చూసే దిక్కు లేకపోతే ఎలా ఉంటుంది? నా మార్కెట్లో అయితే తన్ని తరిమేస్తారు.

ఇక ఇవాళ! పెద్ద ఆర్భాటం. కుర్చీలు వరసగా వేశారు. కింద పుస్తకాలిచ్చే ఆవిణ్ణి కూడా పిలుచుకొచ్చారు. నువ్వేమో ఆ ఇస్త్రీ చీర కట్టుకుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని... పొద్దున్నుంచి ఆ కొంగు ఎన్నిసార్లు సర్దుకున్నావో నేను చూడలేదనుకున్నావా? చూశాను. ఏడాదైంది నువ్వు నలుగురిలో మాట్లాడి. నేనూ రెండుసార్లు చొక్కా మార్చుకున్నా, ఎందుకు అబద్ధం.

"అందరికీ నమస్కారం" అని కొట్టావు. మీట నొక్కావు.

నా గొంతు! నిండు మార్కెట్లో లారీ మీద నిలబడి అరిచే గొంతు! అందరికీ నమస్కారం అని కిటికీ అద్దాలు అదిరేలా! నేనే పొరపాటున అరిచానేమో అనుకుని మూతి మీద చెయ్యి పెట్టుకున్నానే. హాలంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. తర్వాత నీ వైపు. మీ తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ పిల్లేమో సారీ ఆంటీ, సారీ ఆంటీ అంటూ ఏడుపు మొహం పెట్టింది.

అక్కడితో ఆగితే మర్యాదగా ఉండేది. నువ్వు మళ్ళీ టైపు కొట్టావు. నింపాదిగా, ఒక్కో అక్షరం వెతుక్కుని మరీ! అంతసేపూ ఒక్కడూ మధ్యలో మాట్లాడలేదు, అదేం జబ్బో వాళ్ళకి. కొట్టి, మీట నొక్కావు.

"ఫర్వాలేదమ్మా, మా ఇంట్లోనూ ఇంతే."

నా గొంతుతో! నా మీద నేనే చెప్పుకున్నట్టు!

హాలు పగిలిపోయింది. గడ్డపాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. పుస్తకాలావిడ గోడ పట్టుకుంది. అందరం సమానమే అన్నవాళ్ళు, ఒక్కడైనా నా పక్షాన ఉన్నాడా? ఇంతలో ఆ జుట్టుముడి తన మూలలోంచి లేచొచ్చి, ఎంతో వినయంగా, "ఈ గొంతు భలే ఉందండీ, మా డబ్బాకి పట్టుకెళ్ళనా?" అని అడిగాడు. నన్ను కాదు, నిన్ను! నువ్వు పట్టుకెళ్ళమని చెయ్యి ఊపేశావు. ఇప్పుడు ఆ మూల స్క్రూల డబ్బాలో కూడా నేనే అరుస్తున్నాను. ఎవడు కావాలంటే వాడు పట్టుకెళ్ళొచ్చు నన్ను. ఏ దేశంలో ఏ మూగవాడు నా గొంతుతో పక్కింటివాణ్ణి తిడతాడో!

అదంతా పక్కన పెట్టు. నవ్వులయ్యాక ఆ పిల్ల నీ పక్కన కూర్చుని చెప్పింది విన్నావు కదా. నువ్వొక్కదానివే, మధ్యలో ఎవరూ రాకుండా, మాట్లాడింది ఒక్కటైనా కావాలట. లేకపోతే తన వల్ల కాదట, ఆ రైలావిడ గొంతే పెట్టుకోవాలట. నీ నవ్వు అప్పుడొక్కసారే ఆగింది. నువ్వు నా వైపు తిరిగి చూశావు. "ఇంకేమైనా ఉందా అంకుల్?" అంది ఆ పిల్ల.

లేదన్నాను.

అలా చూడకు. లేదనే అన్నాను. ఉంది.

ఆ చీర అలా పక్కన పెట్టి విను. మార్కెట్లో పొద్దున ఒక రేటు ఒప్పుకుని సాయంత్రానికి మాట మార్చేసే వెధవలుంటారు. అందుకని నా ఫోన్లో ఎవరు మాట్లాడినా దానంతటదే రికార్డవుతుంది. నీకు తెలియదు, చెప్పే అవసరం రాలేదు. నీ ఆపరేషన్‌కి ముందు వారం, నేను ఫోన్ ఇంట్లో మర్చిపోయి క్షవరానికి వెళ్ళాను. నీ దాంట్లో చార్జింగ్ లేదనుకుంటా, నా దాన్నుంచి మీ చెల్లెలికి చేశావు. ఆఁ, అదే. గుర్తొచ్చిందా? రంగు మారుతోంది మొహం!

నన్ను వేలం వేశావు. మీ చెల్లెలి దగ్గర, నా కేకలన్నీ దించేస్తూ. "రండి బాబూ రండి, వాడిన మొగుడు, గట్టి సరుకు, తిండి తక్కువ, నోరు ఎక్కువ! ఎవరన్నా? ఒకటోసారి!" ఎంత బాగా దించావే! ఆ మిషను నీ ముందు పనికిరాదు. మీ చెల్లెలు ఉచితంగా ఇచ్చినా వద్దంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నీకు అంత నవ్వొచ్చని నాకు తెలియదు. నా ముందు అలా నవ్వలేదెప్పుడూ.

తర్వాత అన్నావు. "ఆపరేషనై నా గొంతు పోయిందని మా ఆయనకి తెలియడానికి వారం పడుతుందే" అన్నావు. మీ చెల్లెలు దానికీ నవ్వింది. నువ్వు నవ్వలేదు.

వారం! ఏం మాటే అది? నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడే తెలిసింది నాకు. బట్టలకని ఇంటికొచ్చి, అలవాటు ప్రకారం మాట్లాడుతూ తిరుగుతున్నా. మధ్యలో ఊఁ అనేవాళ్ళు లేరు. ఎంత అరిచినా లేరు.

అప్పట్నుంచి వింటున్నా దాన్ని. మార్కెట్లో లారీ దింపుతున్నంతసేపూ చెవిలో పెట్టుకుంటా. నేనేదో బేరం వింటున్నానని అందరూ పక్కకి జరుగుతారు. నన్ను తిట్టేదే అనుకో, అయినా నీ గొంతు కదా. ఇంకెక్కడుంది?

మరి ఎలా ఇస్తాను చెప్పు? వాళ్ళ దగ్గర మూసిపెట్టేది ఏదీ ఉండదాయె! తలా ఒక ముక్క పంచుకుంటారు, చెవులకి తగిలించుకుంటారు, ఒక్కొక్కడే తలెత్తి నా మొహం చూస్తాడు. అందుకే లేదన్నా. కానీ ఆ రైలావిడ పేరెత్తగానే నువ్వు డబ్బా మీంచి చేతులు తీసేశావు చూడు...

కళ్ళజోడు మర్చిపోయానని మెట్ల మీంచి వెనక్కి వెళ్ళాను కదా. కళ్ళజోడు జేబులోనే ఉంది. ఫోన్ ఆ పిల్ల చేతిలో పెట్టాను. నిన్నడగలేదు. అడిగితే వద్దంటావేమో అని అడగలేదు, తిట్టుకో.

అక్కడే నిలబడి మొత్తం వింది ఆ పిల్ల. వేలం దగ్గర నవ్వు ఆపుకుంది. ఆ వారం మాట దగ్గర కిటికీ వైపు తిరిగింది, నా వైపు చూడలేదు. అంతా అయ్యాక చెవుల్లోవి తీసి, మొహం వెలిగిపోతుంటే, "ఇన్నాళ్ళూ వెతికింది ఇదేనండీ! ఎంత శుభ్రంగా ఉందో! మొదట్నుంచి చివరిదాకా ఎక్కడా మీరు లేరు" అంది.

మెచ్చుకుంటోంది! దానికి మనిషన్నవాడు ఏం జవాబు చెప్పాలే?

సంతోషం అన్నాను. సంతోషం అమ్మా, చేసి పెట్టండి అని చెప్పి వచ్చేశాను.